శరణాలయపు జమాఖర్చు

పుట్టినరోజులకును, పెద్దల తద్దినములకును, దీపావళికిని అనాథ శరణాలయముల గుమ్మము ముందు కార్లు వరుసగా నిలుచుట మన పట్టణములన్నింటను కనబడు దృశ్యమే. ఒక ఆదివారమున మా ప్రాంతపు శరణాలయమొకదానికి పోయినపుడు, మధ్యాహ్నము కాకమునుపే మూడు కుటుంబములవారు ఎవరికివారు బిరియానీ పొట్లములును కేకులును తెచ్చియుండుట చూచితిని. ఆ గృహమును నడపు పెద్దమ్మ (పిల్లలందఱు ఆమెను పిలుచునది అట్లే) ఎవ్వరిని నొప్పింపలేక అన్నింటిని నవ్వుచు అందుకొని, వారు వెడలిన పిదప వంటయింటి అలమర తెఱచి, మంగళవారము నాటికి కందిపప్పు ఎన్ని కిలోలు మిగులునో చూచుకొనుచుండెను. దయ పండుగలనాడు గుంపుగా వచ్చును. మంగళవారపు పప్పునకు ఎవరును రారు. ఆ మంగళవారములను గడపుటయే విరాళములపై శరణాలయమును నడపుట.

50 మంది పిల్లలున్న గృహమనుకొందము. ఎదుగు బిడ్డకు దినమునకు అరకిలో బియ్యము చొప్పున లెక్కించినను ప్రొద్దు గ్రుంకునప్పటికి 25 కిలోల బస్తా యొకటి ఖాళీ యగును. అయినను బియ్యము దొరకుట అంత కష్టము గాదు. అన్నదానమన్న మనవారికి మక్కువ మెండు, కొత్త పంట యింటికి రాగానే రెండు బస్తాలు దింపిపోవు రైతులు ఇప్పటికిని కలరు. దొరకనివి వేఱు. కరెంటు బిల్లు, బోరు మోటారు మరమ్మతు, మరుగుదొడ్లు కడుగు మనిషి కూలి, గజ్జికిని పేలకును మందులు, లెక్కలు వ్రాయు గుమస్తా జీతము, అన్నింటిని మించి ఆయాల జీతములు: వీనికై అడిగినచో, "మా సొమ్ము పిల్లలకు చేరాలి గాని జీతాలకు కాదండీ" అని మర్యాదగానే తప్పుకొందురు.

సద్భావముతో పలుకబడు మాటయే యైనను, దానివలన బిడ్డలకు కలుగు హానిని తలచినప్పుడెల్ల నాకు మనసు కలుక్కుమనును. నడిరేయి జ్వరముతో మూలుగు నాలుగేండ్ల పసివాని నుదుట తడిగుడ్డ వేయు చేయి ఆయాదే. పక్క తడిపిన బిడ్డను నలుగురిలో సిగ్గుపడనీయక బట్టలు మార్చునదియు, ఏ పిల్ల అన్నము సగములో విడిచి లేచినదో కనిపెట్టునదియు ఆమెయే. జీతము చాలక ఆఱు మాసములకొక ఆయా మాఱుచుండు నింట, ఒకసారి తల్లిని పోగొట్టుకొనిన బిడ్డ ఆ దుఃఖమును మరల మరల అనుభవించి, తుదకు ఎవ్వరికిని చేరువ కాకుండుట నేర్చుకొనును. కావున పుట్టినరోజు విందునకు వెచ్చింపదలచిన సొమ్మును ఒక ఆయా జీతమునకు నెలనెల తప్పక పంపు దాతను ఆ బిడ్డలకు పరమాప్తునిగా నేనెంచెదను.

విరాళములనే నమ్మి పిల్లలను పెంచిన సంస్థలలో ఇంగ్లండునందలి బ్రిస్టలు నగరమున జార్జి ముల్లరు నెలకొల్పినది జగత్ప్రసిద్ధము. ప్రష్యాలో 1805లో జన్మించిన ఈ క్రైస్తవ బోధకుడు 1836లో విల్సన్ వీధియందలి అద్దె యింట ఆడపిల్లలతో ప్రారంభించి, 1849 మొదలు 1870 వఱకు ఆష్లీ డౌన్ మిట్టపై ఒకటొకటిగా ఐదు మహాభవనములను తెఱచి, 2,000 మందికి పైగా వసతి కల్పించెను. 1898లో ఆయన మరణించునాటికి ఆ నీడకు చేరినవారు సుమారు 10,000 మంది. ఆయన బావమఱది ఆంథనీ నారిస్ గ్రోవ్స్ వెంట 1836లోనే మన దేశమునకు బయలుదేరిన బౌడెన్, బీర్ అను మిషనరీ దంపతులు గోదావరి డెల్టాలో స్థిరపడిరి గావున, ఆ కథకు మన నేలతో సన్నని చుట్టరికమును కలదు. ముల్లరు తన యవసరమును ఏ మనుష్యునికిని చెప్పక దేవునికే విన్నవించుకొనెడివాడని భక్తులు ఆశ్చర్యముతో చెప్పుకొందురు. ఆ విశ్వాసమునకు నమస్కరించుచునే నేను ఆయన లెక్కలను చూడుమందును. ఆయన అప్పు చేయలేదు. వచ్చిన పైకమునకు రసీదిచ్చి, దాతల పేర్లు వెల్లడింపకయే, పెద్ద మొత్తములతోపాటు చిల్లర నాణెములను సైతము ఏటేట నివేదికలలో అచ్చువేయించెను. అడుగనివానికి అన్నేండ్లు ప్రజలు ఇచ్చుచుండుటకు ఆ అచ్చుపుటలును కారణమని నా నమ్మకము. అయినను ఆయన నియమములలో కాఠిన్యము లేకపోలేదు: తల్లిదండ్రులిరువురును గతించిన పిల్లలకు, అదియును సక్రమ వివాహమున జన్మించినవారికే, ఆదిలో ప్రవేశముండెను. 1958లో ఆ సంస్థవారే ఆ భవనములను వీడి, కొద్దిమంది పిల్లలు కుటుంబమువలె మెలగు చిన్న యిండ్లకు మాఱిరి. వందలమందిని ఒక్క కప్పు క్రింద పెంచుట బిడ్డకు హితము కాదని గ్రహించుటకు అంతకాలము పట్టినది.

మన దేశమున శరణాలయములకు 2015 నాటి బాలల న్యాయ చట్టము హద్దులు గీచినది. ప్రభుత్వమునుండి ఒక్క రూపాయి పుచ్చుకొనకున్నను ప్రతి గృహమును రిజిస్టరు కావలెను. కానిచో నడపువారికి ఏడాది వఱకు కారాగారమో, లక్షకు తక్కువ గాని జరిమానాయో, రెండునో తప్పవు. దిక్కులేక దొరకిన బిడ్డను జాలితో ఇంటికి తెచ్చి యుంచుకొనరాదు. 24 గంటలలో బాలల సహాయ ఫోను 1098కి గాని, పోలీసులకు గాని, జిల్లా బాలల సంక్షేమ సమితికి గాని తెలుపవలెను. ఆ బిడ్డల గుర్తు తెలియునట్లు పేర్లును ఫొటోలును ప్రచురించుటయు నేరమే. దాత చేతి కేకు ముక్క నోటికందుచుండగా కెమెరా వంక చూడుమని పిల్లవానిని అదలించుట నేను కన్నులార చూచితిని. పదేండ్ల పిదప ఆ బొమ్మ వాని తోటివారి ఫోనులలో తిరుగునని తలచియుండినచో ఆ దాతయే దానిని తుడిచివేయును.

ఇంకొక సత్యమును దాతలు వినవలసియున్నది. శరణాలయములందలి పిల్లలందఱు తల్లిదండ్రులు లేనివారు కారు. తండ్రి పోగా కూలికి పోవు తల్లి, చూపు తగ్గిన అమ్మమ్మ పెంచలేక వదలిపోయినవారును కలరు. అట్టి బిడ్డను ఇంటనే యుంచి చదివించుటకు కేంద్రప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకమున అర్హులకు నెలకు 4,000 రూపాయల సహాయము కలదు. పెద్దమ్మ దరఖాస్తు నింపించి, కచేరీల చుట్టు తిరిగి, ఒక యక్కచెల్లెండ్ర జంటను తల్లి యొద్దకు చేర్చినది. మఱుసటి నెల ఒక దాత, "పిల్లలు తగ్గారు గదా" అని విరాళము తగ్గించెనట. పిల్లను ఇంటికి చేర్చిన గృహమునకు ఎక్కువ ఇయ్యవలసినది పోయి తక్కువ ఇచ్చుట ఏమి న్యాయము?

పదునెనిమిదేండ్లు నిండినవారికి గృహము విడువవలసిన దినము వచ్చును. 21 ఏండ్ల వఱకు ఆసరా యిచ్చుటకు చట్టమున వీలున్నను, బ్యాంకు ఖాతా, ఆధారు, కులధ్రువపత్రము చేతికందునట్లు రెండేండ్లు ముందుగా పూనుకొననిచో ఆ బిడ్డ పెట్టెతో వీధిలో నిలుచును. నర్సింగు చదువుచున్న పిల్లయొకతె దసరా సెలవులలో హాస్టలు మూయగా పెద్దమ్మ యొద్దకే వచ్చునట. ఆమె పేరు ఇప్పుడు హాజరుపట్టీలో లేదు, ఏ దాత పద్దులోను లేదు. పెద్దమ్మ తన జీతముతో కొన్న మడతమంచము మాత్రము తలుపు వెనుక గోడకానించి యుండెను. దానిమీది దుప్పటి ఆనాడే ఉతికి ఆరవేసిరి.