పాత డీజిలు బండ్లు – శీతలద్రవము



కాయగూరలను, పాలను సంతకు జేర్చుటకై ఒకరు వాడి విడిచిన డీజిలు పికప్పు బండ్లను కొనుట మన పల్లెలలో సామాన్యమైనది. కొనువారు టైర్లను, రంగును, తొట్టిని పరీక్షింతురు. రేడియేటరు మూత విప్పి చూచువా రరుదు. ఇంజను ప్రాణము పోవు త్రోవ తఱచుగా నదియే యగుటచే నేడు దానిని గుఱించియే ముచ్చటించెదను.

డీజిలు కాలగా పుట్టిన వేడిలో సగమైనను చక్రములకు జేరదు. తక్కినదానిలో కొంత పొగతో బోవును, కొంత నీటిలోనికి దిగును. ఆ నీటిని పంపు త్రిప్పగా రేడియేటరులో గాలి తగిలి చల్లారును. నడుమ థర్మోస్టాటను ద్వారపాలకుడు కలడు. ఇంజను చల్లగా నున్నంతసేపు అతడు త్రోవ మూసియుంచి, సుమారు 80 డిగ్రీల వేడి వచ్చిన పిదప తెఱచును. బండి కాగుచున్నదనగానే కొందఱు మేస్త్రీలు దీనిని ఊడబెఱికి పాఱవేయుదురు. ఆ చికిత్స నాకు సమ్మతము గాదు. ఇంజను తగినంత వేడెక్కనిచో డీజిలు చక్కగా కాలదు, సిలిండరు గోడ లరుగును, అసలు రోగము దాగియుండును.

నీరుండగా వెల పెట్టి కూలెంటు కొననేల యని మీరడుగవచ్చును. నీళ్లు కాచు బిందె యడుగున తెల్లని పెచ్చు కట్టుట మీరెఱిగినదే. బోరునీటిలోని సున్నపు లవణములే అందులకు కారణము. ఆ పెచ్చు ఇంజను కాలువలలో కట్టినచో వేడి నీటిలోనికి దిగజాలదు. ఇనుము త్రుప్పు పట్టుట సరేసరి. సిలిండరు తొడుగునకు నేరుగా నీరు తగులు డీజిలు ఇంజనులకు మఱియొక యాపద కలదు. మంట దెబ్బకు తొడుగు అదరి, నీటిలో సూక్ష్మమైన బుడగలు పుట్టి పగులుచుండును. ఆ తాకిడికి తొడుగుపై సూదిబెజ్జములవంటి గుంటలు పడును. తగిన కూలెంటులోని మందులు లోహమునకు పొరవలె అడ్డునిలిచి దీనిని వారించును.

కూలెంటనగా ఇథిలీన్ గ్లైకాలు, త్రుప్పు పట్టనీయని మందులు, నీరు. గ్లైకాలును, స్వేదనజలమును సగముపాళ్లుగా గలిపినచో సుమారు 107 డిగ్రీలకు గాని మరుగదు; మూత బిగించి యొత్తిడి నిలిపినచో ఆ యంక యింకను పెరుగును. కావుననే మూత స్ప్రింగు సడలిన బండి, ద్రవము నిండుగా నున్నను పొంగిపోవును. మూత వెల స్వల్పమే!

రంగును జూచి కూలెంటు నెంచరాదు. రంగు చేయువారి యిచ్ఛ. బండి పుస్తకమునందు చెప్పిన రకమునే కొనవలెను. పొసగని రకములను గలిపినచో ఒక్కొక్కప్పుడు జిగురై గొట్టములను మూయును. ముందేమి పోసిరో తెలియనప్పుడు అంతయు దింపి, కడిగి, క్రొత్తది నింపుటయే మేలు. నీరు గలిపియే అమ్ముదానికి మరల నీరు చేర్పరాదు.

బండి చూడబోవువారు ఉదయమున, ఇంజను చల్లగా నున్నప్పుడే పోవలెను. అమ్మువాడు ముందే కాచియుంచినచో మఱునాడు వత్తునని చెప్పుడు. మూత విప్పగా బురదవంటి త్రుప్పుగాని, నూనె జిడ్డుగాని కనబడినను, ఇంజను నడుపగా ఎడతెగక బుడగలు వచ్చినను హెడ్డు గ్యాస్కెట్టును అనుమానింపవలెను. ఆయిలు పుల్లకు మీగడవంటి తెలుపు అంటినచో ఆ బేరము నచ్చటనే విడువుడు. తక్కిన బండ్లను బరువుతో ఎత్తు ఎక్కించి చూడవలెను. చదునున చల్లగా నడచి, చిత్తూరునుండి పలమనేరు పోవు మొగిలి కనుమవంటి చోట కాగిపోవు బండికి, రేడియేటరు సగము పూడియుండుట తఱచు.

కాగిన ఇంజను మూతను విప్పరాదు. ఉడుకుద్రవము ముఖముపైకి చిమ్మును. దానిపై చన్నీరు పోసినచో లోహము బీటలువాఱవచ్చును.

గ్లైకాలు రుచికి తియ్యన, గుణమున విషము. దింపిన ద్రవమును పశువులు త్రాగు గుంటలోనికి, కాలువలోనికి విడువరాదు. మంచినీటి సీసాలలో నింపి యింట నుంచరాదు. బిడ్డలు త్రాగిరని యనుమానము గలిగినను, లక్షణములకై వేచియుండక వెంటనే ఆసుపత్రికి గొంపోయి, ఆ డబ్బాను వైద్యునకు జూపవలెను.