వేరు కంచం

చోడవరం అప్పటికింకా విశాఖపట్నం జిల్లాలోనే ఉన్నది. అనకాపల్లి జిల్లాలో చేరినది 2022లో గదా. చెరకు నరికే రోజులు. తొమ్మిదవ తరగతి హాజరుపట్టీలో ఒక అమ్మాయి మూడు వారాలుగా కనబడలేదు. సాయంకాలం బడి విడిచిన తరువాత వారి యింటికి వెళ్ళినాను.

“మేనమామ గారూరెళ్ళిందండి, మేస్టారూ,” అన్నది తల్లి.

అంతలో లోపలి నుండి దగ్గు వినబడినది. ఆమె విన్నది, నేనూ విన్నాను. గదికి ఉన్న ఒక్క కిటికీ మూసి ఉన్నది. నూతి గట్టుమీద, తక్కిన గిన్నెలకు ఎడంగా, ఒక కంచమూ గ్లాసూ బోర్లించి ఉన్నవి. వీధి మలుపుదాకా నా వెంట వచ్చి ఆమె అన్నది: “ఊపిరితిత్తుల జబ్బంట, బాబూ. ఎవురికీ సెప్పకండి. రేపు దానికి పెళ్ళి సెయ్యాల గదా.”

ఆ తల్లిని తప్పుపట్టుట సులభము. కాని ఆమె భయము ఆమె ఒక్కతెది కాదు, అమ్మమ్మల నాటిది. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కాక్ మహాశయుడు 1882లోనే కనిపెట్టినా, దానిని చంపు మందు స్ట్రెప్టోమైసిను 1943 వరకు దొరకలేదు. ఐసోనియజిడ్ వచ్చినది 1952లో. అంతదాకా మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి, ఇవే వైద్యము. మదనపల్లె చెంత 1915లో తెరచిన ఆరోగ్యవరం వంటి శానిటోరియములకు పంపగలిగినవారు పంపేవారు. బిడ్డ అక్కడ, తల్లి ఇక్కడ, నడుమ ఉత్తరాలు. సంపన్నులకూ ఈ ఎడబాటు తప్పలేదు. కమలా నెహ్రూ క్షయతో 1936లో స్విట్జర్లాండులోని లోజానులో కన్నుమూసినప్పుడు ఆమె వయస్సు 36 ఏండ్లే. తల్లికి తోడుగా శాంతినికేతనంలో చదువు విడిచి వెళ్ళిన ఇందిరకు అప్పటికి 18. నాలుగేండ్లు తిరుగకుండానే ఆ దేశములోనే లేజాను కొండ ఊరిలో ఆ బిడ్డ కూడ ఊపిరితిత్తుల జబ్బుతో నెలల తరబడి మంచమెక్కవలసి వచ్చినది. ఈసారి పక్కన కూర్చుండుటకు తల్లి లేదు.

ఈ ఎడబాటు అవసరమా అని నిజముగా పరీక్షించి చూచినది మన పొరుగున మద్రాసులోనే. 1956లో అక్కడ నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రము వారు రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును శానిటోరియములో, రెండవ జట్టును ఇరుకైన పేదయిండ్లలోనే ఉంచి, ఏడాదిపాటు ఒకే మందులు ఇచ్చినారు. 1959లో వెల్లడియైన ఫలితము లోకమును ఆశ్చర్యపరచినది. ఇంట ఉన్నవారు, తిండి తక్కువైనా, విశ్రాంతి తక్కువైనా, దాదాపు అంత బాగానూ కోలుకున్నారు. వారి యింటివారికి జబ్బు ఎక్కువగా అంటినదీ లేదు. బిడ్డను తల్లి దగ్గరనే ఉంచవచ్చునని చెప్పినది ఈ పరిశోధన.

కాని ఒకే కప్పు క్రింద ఉండి కూడ ఎడముగా ఉండవచ్చును. కొన్ని వారాల తరువాత ఆ అమ్మాయి నాతో అన్నమాట ఇది: “మా అమ్మ నన్ను సుట్టాన్ని సేసేసిందండి.” చుట్టానికే గదా వేరే కంచము, వేరే గ్లాసు, వేరే పక్క! మాత్రలు మింగుట ఆ పిల్లకు కష్టముగా తోచలేదు. తల్లితో మాటలు మాత్రము మానివేసినది.

ఇందులో విచిత్రమేమనగా, క్షయ కంచము వలన రాదు. దగ్గినప్పుడు గాలిలోనికి వచ్చిన తుంపరల వలన వచ్చును. కనుక వేరు చేయవలసినది కంచము కాదు, తెరువవలసినది కిటికీ. దగ్గు పొరుగువారికి వినబడరాదని ఆమె మూసినది దానినే! బిడ్డ పరువు కాపాడబోయి ఇంటిల్లిపాదికీ అపాయము తెచ్చుకొన్నది. సరియైన మందులు పడిన కొద్ది వారాలకే అంటించు శక్తి చాలవరకు తగ్గును. ఆరు నెలలు విడువక వాడిన సాధారణ క్షయ నయమగును. దాచిన జబ్బుకు ఆ ఆరు నెలలే గండము. నడుమ సంబంధము కుదిరినదనుకొనుడు, అత్తవారింట మాత్రల పొట్లము విప్పలేక మానివేసిన పిల్లకు మందులకు లొంగని క్షయగా అది తిరుగబెట్టవచ్చును.

మనము మాత్రము తక్కువ తిన్నామా? దగ్గే పిల్లను చివరి బల్లకు పంపిన ఉపాధ్యాయులను నేనెరుగుదును. ఒకప్పుడు నేనూ పంపినాను.

ఇక తల్లి చేతిలో నిజముగా ఉన్నది గరిటె. ఝార్ఖండులో క్షయరోగుల యింటివారికి అదనపు ఆహారమిచ్చి చూడగా వారిలో క్రొత్తగా జబ్బు పడినవారు 39 శాతము తగ్గినారని 2023లో వెల్లడియైనది. రోగి పోషణకు ప్రభుత్వము 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చుచుండి, 2024 నవంబరులో దానిని 1000 చేసినది. అందరూ తిన్న తరువాత మిగిలినది తినే అలవాటు మన ఆడపిల్లలది. ఆ సొమ్ముతో కొన్న గుడ్డు ఎవరి కంచములో పడునో చెప్పలేము.

ఆ యింటికి నేను నాలుగైదుసార్లు వెళ్ళినాను. కిటికీ సంగతి చెప్పినాను, కంచము సంగతీ చెప్పినాను. ఆమె తల ఊపినది. మరునాటికి కిటికీ తెరచినది గాని, కంచము తీయలేదు. ఆరవ నెల కాబోలు, మధ్యాహ్నవేళ వెళ్ళేసరికి అమ్మాయి గడపలో కూర్చుండి లెక్కలు చేసుకొనుచున్నది. లోపల ఆమె తమ్ముడు, ఆరేండ్లవాడు, అక్క కంచము ముందు పెట్టుకొని అన్నము తినుచున్నాడు. తల్లి వాని వంక చూచినది, నా వంక చూచినది. తరువాత చారుగిన్నె తెచ్చి ఆ కంచములోనే వంచినది.