ఖతారు కష్టార్జితమునకు బ్రోకరెవ్వరు?

అల్పశుల్కము ఆకర్షించును; కాని మొత్తము వ్యయమును, వాటాల భద్రతను పరికించిన పిమ్మటనే ఖాతా తెఱువవలెను.

దోహా నగరపు మదీనత్ ఖలీఫా వీథులలో ఉదయము 6.45 గంటలై, ఉద్యోగులు పనులకు బయలుదేఱు వేళకు ముంబయిలో 9.15 అగును, మన స్టాక్ మార్కెట్టు లావాదేవీలు ఆరంభమగు సమయమది. ఇచ్చట మధ్యాహ్నము ఒంటిగంటకు అచ్చట వ్యాపారము ముగియును. ఈ రెండు వేళల నడుమ ఉద్యోగధర్మమున నిమగ్నులై యుండియు, ఊరనున్న తల్లిదండ్రుల పోషణకును, బిడ్డల చదువునకును, స్వదేశమునకు తిరిగి వచ్చిన నాటి జీవనమునకును ఆధారముగా నుండునని వాటాలు కొనదలచు తెలుగువారి ముందు నిలుచు ప్రథమ ప్రశ్న, ఏ బ్రోకరును ఆశ్రయింపవలెననునదియే. కమీషను తక్కువైన వానిని ఆశ్రయింపుడని ప్రకటనలు చెప్పును. ఆ సమాధానము అసంపూర్ణము.

ఖాతా స్వరూపము

ప్రవాసియైనవాడు, ఊరనున్ననాడు తెఱచిన సాధారణ డీమ్యాట్ ఖాతాను యథాతథముగా వాడుకొనుట నియమవిరుద్ధము, దానిని ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకొనవలెను. రియాళ్లలో ఆర్జించి పంపిన ధనమును నిరాటంకముగా తిరిగి తెచ్చుకొన గోరువారికి ఎన్.ఆర్.ఇ. ఖాతా తగును. ఇంటి అద్దె, పొలము కౌలు వంటి స్వదేశాదాయమును మదుపు చేయువారికి ఎన్.ఆర్.ఓ. తగును, అందుండి విదేశమునకు తరలింపదగిన మొత్తము ఆర్థిక సంవత్సరమునకు 10 లక్షల డాలర్లకు మించరాదు. ఎన్.ఆర్.ఇ. ద్వారా వాటాలు కొనుటకు బ్యాంకు నుండి పిస్ (పోర్ట్‌ఫోలియో ఇన్వెస్ట్‌మెంట్ స్కీమ్) అనుమతి పొందు పద్ధతి చిరకాలముగా నున్నది. దానికి బ్యాంకు తీసికొను రుసుము బ్రోకరు పట్టికలో కానరాదు గనుక విడిగా విచారింపవలెను.

శుల్కముల లెక్క

లక్ష రూపాయల వాటాలు కొన్నచో లావాదేవీ పన్ను 100 రూపాయలు, స్టాంపు సుంకము 15 రూపాయలు. ఇవి చట్టవిహితములు, ఎవరి యొద్ద కొన్నను ఒక్కటే. 2024 అక్టోబరు నుండి ఎక్స్ఛేంజీల రుసుము సైతము బ్రోకర్లందఱికిని సమానము చేయబడినది. కావున పోల్చి చూడదగినవి బ్రోకరేజియు, డీమ్యాట్ వార్షిక రుసుమును, అమ్మినప్పటి డి.పి. ఛార్జీయు, పిస్ రుసుమును మాత్రమే.

2010లో బెంగళూరున వెలసిన జెరోధా, 2015 చివర స్వదేశవాసుల డెలివరీ కొనుగోళ్లపై బ్రోకరేజిని రద్దు చేసి విపణిరీతినే మార్చినది. కాని ఆ శూన్యశుల్కము ప్రవాసికి వర్తింపదు. ఒక బ్రోకరు అర శాతము, మఱొకడు ఆర్డరునకు 200 రూపాయలు అడుగుచున్నారనుకొందము. 40,000 రూపాయల కొనుగోలుకు ఇద్దఱును సమానులే. 10,000 రూపాయలకు మొదటివాడు 50 తీసికొన, రెండవవాడు 200 తీసికొనును. 2 లక్షలకు మొదటివానికి 1,000 చెల్లింపవలసి రాగా రెండవవానికి 200 చాలును. ఆపైన 18 శాతము జి.ఎస్.టి. తప్పదు. నెలనెలా కొంచెము కొంచెముగా కొనువానికి చౌకయైన బ్రోకరు, పెద్దమొత్తమును ఒక్కమాఱే మదుపు చేయువానికి ప్రియమగుట ఇందువలననే.

అక్కఱకు వచ్చు సౌకర్యములు

ఒకేదినమున కొని అమ్ము ఇంట్రాడే వ్యాపారము ప్రవాసికి నిషిద్ధము గనుక, క్షణక్షణపు చార్టులకై అధికముగా చెల్లించుట వ్యర్థము. కోరిన ధరను ముందుగా నిర్ణయించి యుంచు ఆర్డరును, ఖతారు నంబరునకైనను ఈమెయిలునకైనను వచ్చు ఓటీపీయు, స్పష్టమైన పన్ను నివేదికయు ముఖ్యములు. ఖతారులో జీతముపై ఆదాయపు పన్ను లేకున్నను, స్వదేశపు లాభముపై తప్పదు: 2024 జూలై 23 నుండి ఏడాది లోపల అమ్మిన వాటాల లాభముపై 20 శాతము, ఆపైన అమ్మినచో 1.25 లక్షలకు మించిన లాభముపై 12.5 శాతము. ప్రవాసి విషయమున టి.డి.ఎస్. ముందుగనే కోయబడును.

హైదరాబాదు నేర్పిన పాఠము

హైదరాబాదు కేంద్రముగా తెలుగునాట లక్షలాది మదుపరుల నమ్మకము చూఱగొనిన కార్వీ స్టాక్ బ్రోకింగ్‌పై 2019 నవంబరు 22న మార్కెట్టు నియంత్రణ సంస్థయైన సెబీ నిషేధాజ్ఞ వెలువరించినది. ఖాతాదారులిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని ఆధారము చేసికొని, వారి వాటాలను దుర్వినియోగ పఱచినట్లు ఆ యాజ్ఞ తేల్చినది. ఆ వాటాల విలువ 2,000 కోట్లకు పైబడినది. డిసెంబరులో సుమారు 83,000 మంది వాటాలు డిపాజిటరీ ద్వారా వారి ఖాతాలకు తిరిగి చేర్చబడినను, 2023లో ఆ సంస్థ రిజిస్ట్రేషను రద్దయినను, ఆ నడుమ మదుపరులు పడిన మనోవ్యథకు వెలకట్టగలవారు లేరు. 2019 నాటి ఆ యాజ్ఞ పిదప, 2022లో, పవర్ ఆఫ్ అటార్నీకి మాఱుగా పరిమితాధికారము గల డి.డి.పి.ఐ. పత్రము వచ్చినది.

కావున సోదరులారా, సోదరీమణులారా! రిజిస్ట్రేషను సంఖ్యను సెబీ జాబితాలో సరిచూడుడు, వాట్సాప్‌లో వచ్చు యాప్ లింకులను నమ్మకుడు, డిపాజిటరీలైన ఎన్.ఎస్.డి.ఎల్., సి.డి.ఎస్.ఎల్. పంపు నివేదికలు మీ సొంత ఈమెయిలునకే చేరునట్లు చూచుకొని, మాసమాసము వాటాల లెక్క సరిచూచుకొనుడు. నామినీ పేరు తప్పక వ్రాయించుడు. రుసుములో ఆదాచేసిన రూపాయి చిన్నది. వాటా మీ పేరిట భద్రముగా నుండుట పెద్దది.