అంతర్జాల వార్తాస్రవంతులు

'వార్త' అనే మాటకు నేడు మనం చెప్పుకొనే అర్థం సమాచారం. ప్రాచీన వాఙ్మయంలో దీనికి మరొక అర్థం కూడా ఉంది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో విద్యలను నాలుగుగా విభజించి, ఆన్వీక్షకి, త్రయి, దండనీతులతోపాటు వార్తను కూడ ఒక విద్యగా పేర్కొన్నాడు. అక్కడ వార్త అంటే వ్యవసాయం, పశుపాలనం, వాణిజ్యం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలవారికి ఈ రెండు అర్థాలూ నేటికీ వేరు కాలేదనే చెప్పాలి. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు ఎప్పుడు వదులుతారు? సూర్యాపేట మార్కెట్లో ధాన్యం ఎంత ధర పలికింది? మిర్యాలగూడ మిల్లుల్లో కొనుగోళ్లు ఎలా సాగుతున్నాయి? ఇక్కడివారు పత్రికలో మొదట వెదకేది వీటినే.

ఇటువంటి వార్తలు పత్రిక మొదటి పుటలో అరుదుగా కనిపిస్తాయి. వాటి స్థానం జిల్లా పుటలు. నల్లగొండ ప్రాంతానికి పత్రికలు కొత్త కావు. 1922లోనే నల్లగొండ నుండి 'నీలగిరి' పత్రిక వెలువడింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదు నుండి 'గోలకొండ' పత్రికను ప్రారంభించారు. అయితే ఒక మండలంలో జరిగిన చిన్న సంఘటన కూడ మరునాటి ఉదయం అచ్చులో కనబడే పరిస్థితి చాలా కాలం తరువాత గాని రాలేదు. 1974లో విశాఖపట్నంలో ప్రారంభమైన 'ఈనాడు' 1989లో జిల్లా అనుబంధాలను ప్రవేశపెట్టింది. ఇతర పత్రికలు కూడ ఆ బాట పట్టాయి. మండలానికొక విలేకరి ఏర్పడ్డాడు. ఊరి బడి, ఊరి చెరువు, ఊరి తగాదా పత్రికకు ఎక్కాయి.

ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉంది. జిల్లా పుటలు ఆ జిల్లాకే పరిమితం. హైదరాబాదు వసతిగృహంలో ఉండి చదువుకొనే కోదాడ విద్యార్థి చేతికి వచ్చేది హైదరాబాదు సంచిక. తన ఊరి కబురు అందులో ఉండదు. 2016 అక్టోబరు 11న సూర్యాపేట ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన తరువాత ఈ చిక్కు మరింత పెరిగింది. కోదాడ సూర్యాపేట జిల్లాలో చేరింది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే మిగిలింది. రెండింటికీ ఆధారమైన ఎడమ కాలువ మాత్రం ఒక్కటే. జిల్లా సరిహద్దు కాలువను ఆపలేదు గాని కాలువ వార్తను రెండు సంచికలుగా చీల్చింది. కాలువ సంగతి పూర్తిగా తెలియాలంటే రెండు జిల్లాల పుటలు చదవక తప్పదు.

ఇక్కడే అంతర్జాల వార్తాస్రవంతి అక్కరకు వస్తుంది. దీనినే 'ఫీడ్' అంటారు. ఫీడ్లలో మిక్కిలి ప్రచారంలో ఉన్న పద్ధతి ఆర్ఎస్ఎస్. రియల్లీ సింపుల్ సిండికేషన్ అనే మాటలకు అది సంక్షిప్త రూపం. దీని తొలిరూపం 1999లో నెట్‌స్కేప్ సంస్థలో రూపొందింది. ఇది పనిచేసే తీరు పేరుకు తగినట్లు సులభమే. పత్రిక తన అంతర్జాల సంచికతోపాటు ఒక చిన్న దస్త్రాన్ని కూడ నిర్వహిస్తుంది. కొత్త వార్త చేరినప్పుడల్లా దాని శీర్షిక, తేదీ, సమయం, క్లుప్త సారాంశం, పూర్తి వార్త లభించే చిరునామా ఆ దస్త్రంలో పైన చేరుతాయి. మన కంప్యూటరులోనో చరవాణిలోనో ఉండే 'ఫీడ్ రీడర్' అనే సాధనం నిర్ణీత వ్యవధిలో ఆ దస్త్రాన్ని తెచ్చుకొని, పూర్వం తెచ్చినదానితో పోల్చి, కొత్తగా చేరినవాటిని మన ముందుంచుతుంది. మనం పది పత్రికల ఫీడ్లు చేర్చితే పదింటి శీర్షికలూ ఒకేచోట కాలక్రమంలో కనిపిస్తాయి. పత్రిక మన ఇంటికి రావడానికి ఏ ఊళ్లో ఉన్నామన్నది ముఖ్యం. ఫీడ్‌కు ఆ పట్టింపు లేదు. అయితే అన్ని పత్రికలూ ఫీడ్లు ఇవ్వవు. ఇచ్చేవి కూడ జిల్లాల వారీగా విడదీసి ఇవ్వకపోవచ్చు.

తెలుగు వార్తలకు ఈ సౌకర్యం ఆలస్యంగా అందింది. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపికి 1991లోనే చోటు దక్కినా, మన పత్రికల అంతర్జాల సంచికలు చాలాకాలం ఎవరి ఫాంటులో వారు వెలువరించినవే. తెరపై తెలుగక్షరం కనిపించేది గాని, దాని వెనుక యంత్రం దాచుకొన్నది ఆ పత్రికకు మాత్రమే తెలిసిన సంకేతం. ఆ ఫాంటు లేనివారికి రోమను అక్షరాల గజిబిజి దర్శనమిచ్చేది. ఒక పత్రికలో వెదికిన పదం మరొక పత్రికలో దొరికేది కాదు. అటువంటి రాతను యూనికోడులోకి మార్చి చూపడానికి 'పద్మ' అనే ఉపకరణాన్ని ఔత్సాహికులు వాడుకొనేవారు. పత్రికలు క్రమంగా యూనికోడును స్వీకరించిన తరువాతనే వేర్వేరు పత్రికల తెలుగు శీర్షికలు ఒకే వరుసలో నిలవగలిగాయి.

లిపి చిక్కు తీరినా భాష చిక్కు తీరలేదు. కొన్ని రీడర్లలో మనమిచ్చిన పదమున్న వార్తలను మాత్రమే ఏరిపెట్టే ఏర్పాటు ఉంటుంది. 'కోదాడ' అని ఇచ్చామనుకొందాం. ఆంగ్లంలో ఊరి పేరు ఎక్కడైనా ఒకే రూపంలో, విడిగా నిలుస్తుంది. తెలుగులో విభక్తి ప్రత్యయం పేరును అంటిపెట్టుకొని ఉంటుంది. కోదాడలో, కోదాడకు, కోదాడవాసులు - ఇవన్నీ మనకు ఒకే ఊరు. ఖాళీ నుండి ఖాళీ వరకు ఉన్నదానిని ఒక పదంగా లెక్కించే యంత్రానికి ఇవి వేర్వేరు పదాలు. ఒక విలేకరి మిర్యాలగూడ అంటాడు, మరొకరు మిర్యాలగూడెం అంటారు. షష్ఠిలో అదే మిర్యాలగూడేనికి అవుతుంది. సూర్యాపేటను సూర్యపేట అని వ్రాసేవారున్నారు, భానుపురి అని పాతపేరుతో పిలిచి మురిసేవారూ ఉన్నారు. కాలువ, కాల్వ అనే రెండు రూపాలూ పత్రికలలో ఉన్నాయి. కాబట్టి వెదకేవారు ఈ రూపాలన్నీ ఇచ్చుకోవాలి. వ్యాకరణం పరీక్షల కోసమేనని తలచే విద్యార్థులు ఒక్కసారి ఈ పని చేసి చూడవచ్చు.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో ఈ ప్రాంతంలో కుంభవృష్టి కురిసింది. కోదాడ పట్టణం జలమయమైంది. నడిగూడెం మండలంలో రామచంద్రాపురం సమీపాన సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. హైదరాబాదు, విజయవాడల మధ్య జాతీయ రహదారిపై రాకపోకలు స్తంభించాయి. (నడిగూడెం పేరు సాహిత్య విద్యార్థులకు అపరిచితం కాదు. ఆ సంస్థానాధిపతి నాయని వేంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు పాటుపడినవారు.) సెప్టెంబరు 1 ఆదివారం. ఆనాటి ఉదయం ఇంటికి వచ్చిన పత్రిక శనివారం రాత్రి అచ్చయినది. గండి సంగతి అందులో ఉండే అవకాశం లేదు. ఊరికి దూరంగా ఉన్నవారికి ఆ రోజు దిక్కు అంతర్జాలమే.

అటువంటి రోజున వార్త త్వరగా చేరడం ఒక్కటే చాలదు. కాలువ కింది పల్లెలో తల్లిదండ్రులున్నవారు గండి ఎక్కడ పడిందో, నీరు ఎటు మళ్లిందో తెలుసుకోవాలి. అప్పుడు రీడరులో ఒకే సంగతిని చెప్పే శీర్షికలు ఐదో పదో వరుసగా కనిపిస్తాయి. ఇందరు చెప్పారు కనుక నిజమని తలచడం సహజం. తాళపత్ర గ్రంథాలను పరిష్కరించేవారు ఈ పొరపాటు చేయరు. ఒక కావ్యానికి పది ప్రతులు దొరికినా, అందులో ఎనిమిదింటిని ఒకే మాతృకను చూచి వ్రాసుకొన్నట్లు తేలితే, ఆ ఎనిమిదీ కలిసి ఒకే సాక్ష్యం. లేఖకుడు మాతృకలో చేసిన తప్పు ఎనిమిదింటిలోనూ కనిపిస్తుంది. అన్నింటిలో ఒకే తప్పు కనిపించడమే అవి ఒక తల్లి బిడ్డలని పట్టిస్తుంది కూడ.

వార్తలకు కూడ ఇది వర్తిస్తుంది. ఒక వార్తాసంస్థ పంపిన వాక్యాలనే ఐదు పత్రికలు ప్రకటిస్తే అది ఒక్క సాక్ష్యమే. ఊరి పేరులో ఒకే అక్షరదోషం, అంకెలలో ఒకే పొరపాటు అన్నింటిలో ఉంటే మూలం ఒకటేనని గుర్తించవచ్చు. నడిగూడెం విలేకరి స్వయంగా చూచి వ్రాసినది, నీటిపారుదల అధికారి చెప్పినది వేర్వేరు సాక్ష్యాలు. అవి రెండూ ఏకీభవించినప్పుడు నమ్మకం బలపడుతుంది, విభేదించినప్పుడు ఆగి చూడవలసి వస్తుంది. ఈ పోలికకు ఫీడ్ చక్కని సాధనం. ఎవరు ముందు ప్రకటించారో, ఎవరు తరువాత అనుసరించారో సమయంతో సహా అందులో నమోదవుతుంది. అచ్చుపత్రికలో ఆ సౌలభ్యం లేదు. ఒకటి గమనించాలి. ప్రకటించిన వార్తను పత్రిక సవరిస్తే కొన్ని ఫీడ్లలో పాత తేదీకి బదులు సవరించిన సమయమే చేరుతుంది. అందువల్ల పూర్తి వార్తను తెరచి అక్కడున్న తేదీని కూడ చూడాలి.

నేడు చాలామంది చరవాణిలో వార్తలు చూచేది ఫీడ్ రీడరులో కాదు, వార్తల యాప్‌లలో. వాటిలో కనిపించే వరుసను కూడ ఫీడ్ అనే పిలుస్తున్నారు గాని, రెండింటికీ తేడా ఎంతో ఉంది. రీడరులో మనం ఎంచుకొన్న పత్రికలు పంపినదంతా వచ్చిన క్రమంలో ఉంటుంది. యాప్‌లో సాధారణంగా వరుసను నిర్ణయించేది యంత్రం. మనం ఏ వార్త వద్ద ఎంతసేపు నిలిచామో గమనించి అటువంటివే మరికొన్ని తెచ్చిపెడుతుంది. వారం రోజులు సినిమా కబుర్లు చూచినవారికి ఎనిమిదవనాడు కాలువ వార్త ఎక్కడో అడుగున పడుతుంది. నా మట్టుకు రీడరే మేలనిపిస్తుంది. అందులో నాకు అక్కరలేని శీర్షికలు ఎన్నో వస్తాయి. వాటిని దాటుకొంటూ పోయే శ్రమ ఉంది. అయినా ఏది దాటవేశానో నాకు తెలుస్తుంది.

ఫీడ్‌కు జ్ఞాపకశక్తి తక్కువ. పత్రిక దస్త్రంలో సాధారణంగా ఇటీవలి కొన్ని పదుల వార్తలు మాత్రమే ఉంటాయి. కొత్తది చేరిన కొద్దీ అడుగున ఉన్నది జారిపోతుంది. 2024 నాటి గండి వార్తలు నేటి ఫీడ్‌లో దొరకవు. వాటి కోసం పత్రిక పాత సంచికలనో, గ్రంథాలయాన్నో ఆశ్రయించాలి. రీడరు సాధనాలు కూడ శాశ్వతం కావు. ఎందరో వాడిన గూగుల్ రీడర్ 2005లో ప్రారంభమై 2013 జూలై 1న మూతపడింది. ఫీడ్ల జాబితాను ఓపీఎంఎల్ అనే దస్త్రంగా ముందే దాచుకొన్నవారు దానిని మరొక రీడరులో చేర్చి మరునాడే చదువుకోగలిగారు. నేటి రీడర్లలో చాలావరకు ఆ సదుపాయం ఉంది.