చేతి మిషనుకు ఓపికే పదును

పెట్టె అడుగునున్న క్రాపు మిషను మళ్ళీ పనికొస్తుంది

క్షవరం రోజున మిషను చప్పుడు వినగానే గడ్డివాము చాటుకు పరుగుతీసిన పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు. వేపచెట్టు కింద పీట, మెడచుట్టూ తువ్వాలు, తల వంచి పట్టిన పెద్దాయన చెయ్యి, మెడమీద చల్లని ఇనుము, కిర్రు కిర్రుమని చప్పుడు. అంతలో చురుక్కున వెంట్రుకలు లాగేది. ఇక ఏడుపే ఏడుపు!

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై క్షౌరశాలలు మూతపడినప్పుడు ఇంటి క్షవరం అవసరం మళ్ళీ తెలిసివచ్చింది. కరెంటుతో పనిలేని చేతి మిషను కొన్ని ఇళ్ళ ట్రంకుపెట్టెల్లో ఇంకా ఉంది. అయితే దాన్ని తీసిందే తడవుగా పిల్లవాడి తలమీద పెడితే పాత ఏడుపు తప్పదు.

లాగడానికి కారణం

మిషనులో దువ్వెన పళ్ళవంటి రెండు రేకులు ఉంటాయి. కింది రేకు కదలదు, చర్మానికి ఆని ఉంటుంది. పిడి నొక్కితే పైరేకు అటూ ఇటూ జరిగి, పళ్ళ నడుమ చిక్కిన జుట్టును కోస్తుంది. చెయ్యి వదిలితే స్ప్రింగు పిడిని వెనక్కి తెస్తుంది.

రేకులు మొద్దుబారినా, పైనున్న నట్టు వదులైనా జుట్టు తెగక రేకుల మధ్య నలుగుతుంది. పిడి పూర్తిగా నొక్కకముందే మిషనును పైకి లాగినా అంతే. చాలాసార్లు తప్పు మిషనుది కాదు, తొందరపడే చేతిది.

ముందు మిషనుకు స్నానం

నట్టు విప్పి రేకులు వేరుచేయాలి. తుప్పు ఉంటే కిరసనాయిలులో నానబెట్టి పాత పళ్ళబ్రష్షుతో రుద్దాలి. సబ్బునీళ్ళతో కడిగి, మరగబెట్టి, తడిలేకుండా తుడవాలి. తర్వాత కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు. పదును పోతే సానపట్టేవారికి ఇవ్వాలి. ఆకురాయితో ఇంట్లో రుద్దితే రేకులు సమంగా ఆనవు, మిషను అక్కరకు రాకుండా పోతుంది. ముందుగా సొంత ముంజేతి వెంట్రుకలమీద నడిపి చూసుకోవాలి.

నూనె తల వద్దు

క్షవరమయ్యాకే తలంటు అన్నది మన అలవాటు. ఇంటి మిషనుకు మాత్రం ముందురోజే తలంటి, జుట్టు ఆరి ఉండాలి. నూనె తలమీద రేకులు జిడ్డుకట్టుకుంటాయి.

బొటనవేలి వైపు పిడిని కదలనీయక, తక్కిన వేళ్ళతో రెండో పిడిని నొక్కాలి. మెడ దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి. చెయ్యి త్వరగా ఆడాలి, మిషను నెమ్మదిగా నడవాలి. తీసేటప్పుడు పిడి పూర్తిగా నొక్కి, తెగిన తర్వాతే ఎత్తాలి.

తలలో పుండ్లు, తామర ఉన్నవారికి వాడరాదు. ఒకరికి వాడాక కడిగి మరగబెట్టకుండా మరొకరికి పెడితే తామర ఇల్లంతా పాకుతుంది.

విద్య ఆయనదే

మెడ, చెవుల పక్కలు మిషనుతో అయిపోతాయి. నడినెత్తిన క్రాపు కుదరాలంటే కత్తెర, దువ్వెన, అనుభవం కావాలి. కళ్ళంలో ధాన్యం మేర తీసుకుని ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ క్షవరం చేసి, పెళ్ళిలో సన్నాయి ఊదిన నాయీబ్రాహ్మణుల చేతిలో పెరిగిన విద్య అది. మిషను ఇంట్లోనే ఉన్నా, మొదటిసారి ఊళ్ళో క్షవరం చేసే ఆయన్ను పిలిచి, కూలి ఇచ్చి, పట్టు నేర్చుకుంటే పిల్లవాడి కంట నీరు రాదు. ఆయన గౌరవమూ నిలుస్తుంది.