మసక వెలుగులో ఛాయాచిత్రం

‘ఛాయ’ అనే మాటకు సంస్కృత నిఘంటువులలో రెండు విరుద్ధమైన అర్థాలు కనిపిస్తాయి. నీడ అనేది ఒక అర్థం, కాంతి అనేది మరొక అర్థం. ఒకే పదం వెలుగునూ చీకటినీ ఎట్లా చెబుతుందని కొత్తగా చదివేవారు ఆశ్చర్యపోతారు. ఫొటోగ్రాఫును ఛాయాచిత్రమని అనువదించిన వారికి ఈ రెండు అర్థాలూ స్ఫురించాయో లేదో గాని, ఆ పేరు ఆ కళకు చక్కగా అమరింది. వెలుగు పడినచోట కాంతిని, పడనిచోట నీడను నమోదు చేయడమే కెమెరా చేసే పని. వెలుగు సమృద్ధిగా ఉన్నప్పుడు ఏ కెమెరా అయినా ఈ పనిని సులువుగా చేస్తుంది. వెలుగు తగ్గిన కొద్దీ దాని అసలు సామర్థ్యం బయటపడుతుంది.

ఈ సంగతి బోధపడడానికి హుజూర్‌నగర్ పరిసరాలు మంచి పాఠశాల. 2016 వరకు నల్లగొండ జిల్లాలోను, ఆ తరువాత సూర్యాపేట జిల్లాలోను భాగమైన ఈ ప్రాంతం చుట్టూ మసక వెలుగు నిండిన చోట్లు అనేకం ఉన్నాయి. కృష్ణాతీరాన మట్టపల్లిలో లక్ష్మీనరసింహస్వామి గుహాలయంలో వెలసి ఉన్నాడు. సూర్యాపేట సమీపాన పిల్లలమర్రిలో కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్డి ప్రభువులు కట్టించిన ఆలయాలు ఉన్నాయి. వాటిలో నామేశ్వరాలయం 1202 నాటిది, ఎరకేశ్వరాలయం 1208 నాటిది. నునుపు దేలిన నల్లరాతి స్తంభాలు, దూలాలపై చెక్కిన శిల్పాలు, అక్కడక్కడ మిగిలిన రంగుల చిత్రాల ఆనవాళ్లు, ఇవన్నీ మధ్యాహ్నవేళ కూడా అరచీకటిలోనే ఉంటాయి. నల్లగొండ పట్టణానికి చేరువలో ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం మరీ విచిత్రమైనది. త్రికూటంగా నిర్మించిన ఆ ఆలయంలో, శివలింగం ఉన్న గర్భాలయంలో ఒక నిలువు నీడ పగలంతా చలించకుండా నిలిచి కనిపిస్తుంది. ఎండ సూటిగా కాక, మండపపు తెరపి భాగాలలో చెదిరి, ఒకటికంటె ఎక్కువ దిక్కుల నుండి స్తంభాలను దాటి లోపలికి రావడమే ఇందుకు కారణమని వివరిస్తారు. ఆ నీడను చిత్రంలో పట్టదలచిన విద్యార్థి చేతిలోని చిన్న కెమెరా ఎట్లాంటిదై ఉండాలి?

సాధారణంగా దుకాణంలో మొదట వినిపించే మాట మెగాపిక్సెళ్లు. ఎన్ని ఎక్కువైతే అంత మంచిదని అమ్మేవారు చెబుతారు, కొనేవారు నమ్ముతారు. మసక వెలుగు విషయంలో ఈ నమ్మకం చాలావరకు తప్పుదారి పట్టిస్తుంది. కెమెరాలో కటకం వెనుక ఉండే సెన్సార్ అనే చిన్న పలక వెలుగును గ్రహిస్తుంది. వర్షం కురుస్తున్నప్పుడు ముంగిట్లో గిన్నె పెట్టినా, గంగాళం పెట్టినా చినుకులు ఒకే తీరుగా పడతాయి. గంగాళంలో మాత్రం ఎక్కువ నీరు నిలుస్తుంది. సెన్సార్ విషయం కూడా ఇంతే. మామూలు చిన్న కెమెరాలలో చాలాకాలం వాడుకలో ఉన్న సెన్సార్ వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. ‘ఒక అంగుళం’ రకమని పిలిచే సెన్సార్ సుమారు 116 చదరపు మిల్లీమీటర్లు ఉంటుంది, అనగా నాలుగు రెట్లు. (పేరులో అంగుళమున్నా దాని ఏ భుజమూ అంగుళం పొడవు ఉండదు. అది పాత టెలివిజన్ కెమెరాల గొట్టాల కొలతనుండి వచ్చిన పేరు. వ్యాపార నామాలను అక్షరార్థంలో తీసుకోరాదనడానికి ఇదొక ఉదాహరణ.) ఏ.పి.ఎస్.-సి. అనే రకం సెన్సార్ దీనికి మరో మూడు రెట్లు పెద్దది.

2006లో ఫ్యూజీ సంస్థ తెచ్చిన ఎఫ్ 30 అనే చిన్న కెమెరాలో దాదాపు 6 మెగాపిక్సెళ్లే ఉండేవి. అయినా అరచీకటిలో అది తీసిన చిత్రాలు, అంతకంటె ఎక్కువ మెగాపిక్సెళ్లున్న నాటి కెమెరాల చిత్రాలకంటె తేటగా ఉండడం వల్ల దానికి పేరు వచ్చింది. 2012లో సోనీ సంస్థ ఆర్.ఎక్స్. 100 అనే కెమెరాలో అంగుళం రకం సెన్సారును చొక్కా జేబులో పట్టేంత పెట్టెలో అమర్చింది. 2011 నాటి ఫ్యూజీ ఎక్స్ 100, 2013 నాటి రీకో జి.ఆర్. అనేవి ఏ.పి.ఎస్.-సి. సెన్సారుతో వచ్చిన చిన్న కెమెరాలు. ఈ రెండింటిలోనూ జూమ్ లేదు. దూరంగా ఉన్నదానిని దగ్గరగా చూపాలంటే నాలుగడుగులు ముందుకు నడవవలసిందే.

సెన్సార్ తరువాత చూడవలసినది కటకం. కటకంలో వెలుగు ప్రవేశించే ద్వారాన్ని ఎపర్చర్ అంటారు. దాని కొలతను ఎఫ్ 1.8, ఎఫ్ 2.8, ఎఫ్ 5.6 అని చెబుతారు. ఇక్కడ అంకె చిన్నదైతే ద్వారం పెద్దదని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. పైగా వెలుగు ఆ అంకెల వర్గాల నిష్పత్తిలో మారుతుంది. ఎఫ్ 5.6 కంటె ఎఫ్ 1.8 దగ్గర సుమారు పదింతల వెలుగు లోపలికి వస్తుంది. పిల్లలమర్రి మండపంలో ఒక శిల్పాన్ని తీయడానికి ఎఫ్ 5.6 దగ్గర సెకనులో మూడోవంతు కాలం పట్టిందనుకొందాం. ఎఫ్ 1.8 దగ్గర అదే చిత్రానికి సెకనులో ముప్పయ్యో వంతు చాలు. మొదటిదానిలో చేయి వణికి చిత్రం చెదురుతుంది. రెండవదానిలో ఊపిరి బిగబట్టి నిలబడగలిగితే చిత్రం నిలుస్తుంది.

ఇక్కడే కొనేవారు మోసపోయే చోటు ఒకటున్నది. పెట్టెమీద ఎఫ్ 1.8 అని పెద్ద అక్షరాలతో రాసి ఉండవచ్చు. అది కటకం విశాలంగా చూస్తున్నప్పటి సంగతి. జూమ్ చేసి దూరపు వస్తువును దగ్గరకు లాగినకొద్దీ ద్వారం చిన్నదవుతుంది. పైన చెప్పిన మొదటి ఆర్.ఎక్స్. 100 లోనే విశాల దృశ్యానికి ఎఫ్ 1.8 ఉంటే, జూమ్ చివర అది ఎఫ్ 4.9. అనగా వెలుగు ఏడోవంతుకు పడిపోతుంది. అందుకే కటకం అంచున ముద్రించిన రెండు అంకెలనూ చదివిన తరువాతే నిర్ణయానికి రావాలి. పొడవైన జూమును చూసి మురిసిపోయినవారు గుడి మండపంలోకి అడుగు పెట్టగానే విచారిస్తారు.

మూడవది ఐ.ఎస్.ఓ. అనే సంఖ్య. దీనిని రెట్టింపు చేస్తే చిత్రానికి పట్టే కాలం సగమవుతుంది. కాని ఊరకే వచ్చే లాభం కాదిది. సంఖ్య పెరిగినకొద్దీ చిత్రంలో ఇసుక చల్లినట్లు చుక్కలు, నీడలలో రంగుల మచ్చలు కనిపిస్తాయి. పెద్ద సెన్సారులో ఈ దోషం ఆలస్యంగా మొదలవుతుంది. ప్రకటనలో ఎంత పెద్ద ఐ.ఎస్.ఓ. చూపినా, ఏ సంఖ్యవరకు చిత్రం సహ్యంగా ఉన్నదో కంటితో చూసి తెలుసుకోవలసినదే.

ఇంతకూ తీయదలచినది ఏమిటన్న ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. ఎనిమిది వందల ఏళ్లుగా కదలని స్తంభానికి తొందర లేదు. కెమెరాను ట్రైపాడ్ మీదనో, ఇసుక నింపిన చిన్న సంచిమీదనో కుదురుగా ఉంచి, ఐ.ఎస్.ఓ. 100 దగ్గర నిలిపి, రెండు సెకన్ల కాలమిచ్చి, మీట నొక్కే వేలి కదలిక కూడా తగలకుండా సెల్ఫ్ టైమర్ పెడితే, సాధారణమైన కెమెరా కూడా మంచి చిత్రమే ఇస్తుంది. (కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలలో ట్రైపాడ్ వాడడానికి ముందుగా అనుమతి కావాలి. ఇసుక సంచి ఉపాయం ఇట్లాంటి చోట్ల అక్కరకు వస్తుంది. గర్భాలయంలో చిత్రాలు తీయరాదన్న నియమం ఉన్నచోట ఏ ఉపాయమూ ఆలోచించకూడదు.) మేళ్లచెరువులో శివరాత్రి జాతరకు వెలిగే ప్రభల సంగతి వేరు. ప్రభ కదులుతుంది, దాని చుట్టూ జనం కదులుతారు. చేతి వణుకును సరిచేసే స్థిరీకరణ సాధనం కెమెరాలో ఉన్నా, ఎదుటివారి కదలికను అది ఆపలేదు. అక్కడ కావలసినవి పెద్ద ద్వారం, పెద్ద సెన్సార్. డబ్బు పెట్టవలసినది అట్లాంటి అవసరానికే.

ఫ్లాష్ ఉండగా ఇంత శ్రమ ఎందుకని కొందరు అడుగుతారు. నునుపైన నల్లరాతిమీద ఫ్లాష్ పడితే అద్దంమీద పడినట్లు తెల్లని మచ్చ ఏర్పడుతుంది, శిల్పపు లోతు చదునైపోతుంది. పాత రంగుల చిత్రాలున్న చోట ఫ్లాష్ వాడకపోవడమే మర్యాద. ఛాయా సోమేశ్వరాలయంలోనైతే ఫ్లాష్ వెలిగిన క్షణాన, చూడవచ్చిన నీడే మాయమవుతుంది. శాసనాలు తీయదలచినవారికి మరొక పద్ధతి ఉన్నది. అరిగిపోయిన అక్షరాలు ఎదురు వెలుగులో కనబడవు. ఒకరు చేతిదీపాన్ని రాతికి దాదాపు ఆనించినట్లు ఒక పక్కనుండి పట్టుకొంటే, ప్రతి గీతలోను సన్నని నీడ నిలిచి అక్షరాలు లేచి వస్తాయి. కుదురుగా ఉంచిన కెమెరాతో ఆ దీపాన్ని నాలుగు దిక్కులకు మార్చి నాలుగు చిత్రాలు తీయడం మంచిది. ఒకదానిలో కనిపించని ఒత్తు మరొకదానిలో కనిపిస్తుంది.

ప్రపంచవ్యాప్తంగా 2010లో పది కోట్లకు పైగా తయారై తరలివెళ్లిన చిన్న కెమెరాలు, 2023 నాటికి ఇరవై లక్షల లోపుకు తగ్గాయి. ఆ స్థానాన్ని ఫోను ఆక్రమించింది. ఫోను సెన్సార్ చిన్నదే. కాని అది వరుసగా అనేక చిత్రాలు తీసి, వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి, చుక్కలను తొలగిస్తుంది. కదలని దృశ్యానికి ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. అయితే చుక్కలతోపాటు రాతి గరుకుదనాన్ని, అరిగిన అక్షరపు అంచును కూడా నునుపు చేసే ప్రమాదం ఉన్నది. చూచి ఆనందించే చిత్రానికి ఇది దోషం కాదు. పరిశోధనకు పనికిరావలసిన చిత్రానికి దోషమే. అందువల్ల ఫోనైనా కెమెరాయైనా, సెన్సార్ గ్రహించిన సమాచారాన్ని దిద్దకుండా దాచే ‘రా’ ఫైలు సదుపాయం ఉన్నదో లేదో చూసుకోవాలి.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) బరువైన పెట్టె కెమెరాను, గాజు పలకలను మోయించుకొని వెళ్లి చిత్రాలు తీసినవాడు. ఆ సంస్థానపు భవనాలు, దర్బారులు మనకు కనిపిస్తున్నవి ఆయన వంటివారి శ్రమవల్లనే. సామాన్యుల ఇళ్ల లోపలి భాగాలు మాత్రం అట్లా నిలవలేదు. హుజూర్‌నగర్‌కు దిగువన కృష్ణమీద పులిచింతల ప్రాజెక్టు 2013లో ప్రారంభమైంది. అప్పటి నల్లగొండ జిల్లాలో నదీతీరపు పల్లెలు కొన్ని ఆ జలాశయంలో మునిగి, ప్రజలు పునరావాస కాలనీలకు తరలివెళ్లారు. పల్లెటూరి ఇంట్లో పెళ్లినాటి చిత్రాలు ఉంటాయి, వాకిట్లో నిలబడి తీయించుకొన్నవి ఉంటాయి. గూట్లో దీపం, ఉట్టి, పొయ్యి, నడిమింటి వాసం సాధారణంగా చిత్రానికి ఎక్కవు. వెలుగు చాలదని ఎవరూ ప్రయత్నించరు. నిజానికి అటువంటి గదికి ఖరీదైన కెమెరా అక్కరలేదు. తూర్పు వాకిలి తెరచి, ఉదయపు వెలుగు లోపలికి పరుచుకొన్న సమయాన, రోటిమీదనో కుర్చీమీదనో కెమెరాను కుదురుగా పెట్టి రెండు సెకన్లు ఆగితే చాలు.