కప్పు చాయ్‌కి కుర్చీ ఉచితం!

పెగడపల్లి నుంచి పట్నం వచ్చే సినిమా పిచ్చోళ్ల కోసం, చాయ్ హోటళ్ల మీదుగా ఓ షికారు

సినిమాకి కథ ఎక్కడ పుడుతుంది? నిర్మాతగారి ఆఫీసులో అనుకుంటే మీరు పప్పులో కాలేసినట్టే! ఏసీ గదిలో కథ 'ఓకే' కావచ్చు గాని, పుట్టేది చాలాసార్లు చాయ్ బల్ల దగ్గరే. తెలుగు సినిమా మద్రాసులో కాపురమున్న రోజుల్లో, అక్కడ కెథీడ్రల్ రోడ్డు మీద వుడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ అని ఓ హోటలుండేది. 1962లో తెరిచారు. చెట్ల నీడలో కారాపుకొని, ఫిల్టర్ కాఫీ ముందు పెట్టుకొని గంటలకొద్దీ కబుర్లాడే వాళ్లలో సినిమా జనం కూడా ఉండేవాళ్లు. 2008లో అది మూతపడింది. ఇప్పుడక్కడ సెమ్మొళి పూంగా అనే తోట ఉంది. చెట్లున్నాయి, కాఫీ లేదు!

మరి మన హైదరాబాద్ సంగతేమిటి? ఇక్కడ కాఫీ పాత్రను చాయ్ పోషిస్తుంది. ఆ చాయ్ వెంట ఓ కుర్చీ కూడా వస్తుంది. ఈ కథలో హీరో చాయ్ కాదు, ఆ కుర్చీయే! ఎందుకో ముందు ముందు చెప్తాను.

మన ఊరి హోటల్

పెగడపల్లి… 2016లో జగిత్యాల జిల్లా ఏర్పడేదాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతంలో 'హోటల్' అంటే బస చేసే మేడ కాదు. బస్టాండు పక్కన ఓ పొయ్యి, పొయ్యి మీద చాయ్ గిన్నె, పళ్లెంలో మిర్చీలు, ముందు రెండు బెంచీలు. అంతే హోటల్! పొద్దున్నే పేపరొస్తే దాన్ని నాలుగు ముక్కలు చేసుకుంటారు. పెద్దమనిషికి రాజకీయాలు, రైతుకు ధరలు, కుర్రాడికి సినిమా పేజీ. "జరంత ఆగు తమ్మీ, నేను సదివినంక నువ్వు తీస్కో" అని పెద్దాయన కసురుకున్నా, సినిమా పేజీ మాత్రం తమ్మి చేతిలోంచి జారదు.

కోరుట్లలో ఇదే బెంచీ మీద గల్ఫ్ కబుర్లు వినిపిస్తాయి. దుబాయి నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు అక్కడి కరక్ చాయ్ గురించి చెప్తుంటే, ఇంకా వీసా రానివాళ్లు నోళ్లు తెరుచుకొని వింటారు. సిరిసిల్లలో మరమగ్గాల మోత మధ్య పనిచేసే నేతన్నకు చెవులు కాసేపు విశ్రాంతి తీసుకునేది కూడా ఇలాంటి బెంచీ మీదే.

అయితే ఒక నిజం దాచకూడదు. ఆ బెంచీ ఒకప్పుడు అందరిదీ కాదు. పల్లెల్లో చాలాచోట్ల రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. దళితులకు వేరే గ్లాసు. తాగి కడిగి పెట్టాలి, కూర్చోవాలంటే నేల. చాయ్ ఒకటే, డబ్బులూ ఒకటే, కుర్చీ మాత్రం ఒకటి కాదు. పట్నం హోటల్లో పక్కవాడెవరో అడగకుండా కూర్చోవడం ఎంత గొప్ప సంగతో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది.

పర్షియా నుంచి పట్నానికి

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇరాన్‌లోని యజ్ద్ వంటి ప్రాంతాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ జనం మన దేశానికొచ్చారు. బొంబాయిలో స్థిరపడి కేఫులు పెట్టినవాళ్లలో ఎక్కువమంది జొరాస్ట్రియన్లు. హైదరాబాద్ చేరినవాళ్లలో ఎక్కువమంది షియా ముస్లింలు. వీధి మూలనున్న కొట్టు అరిష్టమని ఇతరులు వదిలేస్తే ఇరానీలు దాన్నే తీసుకున్నారని ఓ మాట ప్రచారంలో ఉంది. అరిష్టం సంగతేమో గాని, మూలకొట్టుకి రెండు రోడ్ల మీద గిరాకీ!

పాలరాతి బల్లలు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు, గోడలకు నిలువుటద్దాలు. కూలీ, గుమాస్తా, కవి, కాలేజీ కుర్రాడు… అందరికీ అదే బల్ల, అదే కప్పు. రేడియో సిలోన్‌లో 1952లో మొదలైన 'బినాకా గీత్‌మాలా' ప్రతి బుధవారం రాత్రి వచ్చేది. ఇంట్లో రేడియో లేని కుర్రకారుకి హోటల్ రేడియోనే దిక్కు. చాయ్ చల్లారిపోయినా లేచేవాళ్లు కాదు. యజమానులూ లేపేవాళ్లు కాదు!

జేబీఎస్‌లో దిగగానే

సరే, షికారు మొదలెడదాం. జగిత్యాల వైపు నుంచి వచ్చే బస్సు మిమ్మల్ని సికిందరాబాద్ జూబిలీ బస్‌స్టేషన్‌లో దింపుతుంది. దాదాపు రెండు వందల కిలోమీటర్ల ప్రయాణం, నడుం పట్టేసి ఉంటుంది. దగ్గర్లోనే ప్యారడైజ్ కూడలి. బిర్యానీ పేరు కదా అనుకుంటున్నారా? కాదు, అది ముందు సినిమా హాలు పేరు! ప్యారడైజ్ టాకీసుకు వచ్చే జనానికి చాయ్, చిరుతిళ్లు అందించే చిన్న కేఫుగా 1953లో మొదలైందది. టాకీసు పోయింది, కేఫు పెద్ద రెస్టారెంటయింది, శాఖలు మొలిచాయి. కూడలికి మాత్రం ఆ పేరే స్థిరపడిపోయింది. సినిమా హాలుకు గుడి కట్టినవాళ్లు లేరు గాని, ఇలా ఊరే జ్ఞాపకం పెట్టుకుంది!

అక్కణ్ణుంచి రైల్వే స్టేషన్ వైపు వెళితే ఎదురుగా ఆల్ఫా హోటల్. రైలు దిగినవాళ్లూ, ఎక్కబోయేవాళ్లూ, రైలు తప్పిపోయినవాళ్లూ… అందరూ ఇక్కడే తేలతారు. ఆర్డరివ్వడం నేర్చుకోండి. 'పౌనా' అంటే ముప్పావు కప్పు, డికాక్షన్ కాస్త ఘాటుగా ఉంటుంది. 'సులేమానీ' అంటే పాలు లేని చాయ్. జేబులో డబ్బులు తక్కువైతే మోమాటపడకుండా 'వన్ బై టూ' అనండి. ఒక కప్పు ఇద్దరికి పంచి ఇస్తారు. స్నేహం కొలతలు తెలియాలంటే వన్ బై టూ చాయ్‌ని మించిన సాధనం లేదు.

ఓరియంట్‌లో కవులు

ఆబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ అని ఒకటుండేది. ఇప్పుడు లేదు. కవులు, పత్రికలవాళ్లు, రాజకీయనాయకులు చేరే అడ్డా అది. ఉర్దూ కవి, కమ్యూనిస్టు నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ అక్కడికి వచ్చేవాళ్లలో ఒకరు. 1969లో ఆయన కన్నుమూశారు. పదమూడేళ్ల తర్వాత, 1982లో సాగర్ సర్హదీ తీసిన 'బజార్' సినిమాలో ఆయన గజల్ పాటై దేశమంతా మోగింది. హైదరాబాద్ కథతో వచ్చిన ఆ సినిమా చూసిన కుర్రాళ్లలో ఎంతమందికి ఆ పాట రాసినాయన తమ ఊరి చాయ్ హోటల్లో కూర్చున్నవాడేనని తెలుసు?

మన వైపు నుంచీ సినిమాల్లోకి వెళ్లినవాళ్లు తక్కువేం కాదు. కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ మూకీల కాలంలోనే బొంబాయి చేరి హీరో అయ్యాడు, 1980 దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నాడు. సిరిసిల్ల దగ్గర హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి.నారాయణరెడ్డి ఉర్దూ మీడియంలో చదివి, ఉస్మానియా చేరి, 1962లో 'గులేబకావళి కథ'తో తెలుగు పాటను ఊపేశారు. మొన్న మొన్న 2023లో 'బలగం' తీసిన వేణు యెల్దండిదీ సిరిసిల్లే. పల్లె నుంచి పట్నం చేరినవాడికి ముందు కావలసింది చాన్స్ కాదు సుమా! చాన్స్ వచ్చేదాకా కూర్చునే చోటు.

చార్మినార్ నీడలో

పాతబస్తీకి వెళ్లకపోతే షికారు పూర్తి కాదు. చార్మినార్ పక్కనే, మక్కా మసీదు దగ్గర నిమ్రా కేఫ్ అండ్ బేకరీ. అసలు ఇరానీ చాయ్ కిటుకేమిటో ఇక్కడ కళ్లారా చూడొచ్చు. మన ఇంట్లోలా పాలూ పొడీ కలిపి ఒకే గిన్నెలో మరిగించరు. ఒక పాత్రలో డికాక్షన్, మూతపెట్టి సన్నసెగ మీద చాలాసేపు. ఇంకో పాత్రలో పాలు, చిక్కబడేదాకా. ఆ రెండూ కలుసుకునేది కప్పులోనే. హీరో హీరోయిన్లను ఇంటర్వెల్‌దాకా విడదీసి ఉంచినట్టన్నమాట!

పక్కన ఉస్మానియా బిస్కెట్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద వచ్చింది. ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసం తయారు చేయించారని ఒక కథ చెప్తారు. తీపీ ఉప్పూ కలిసిన రుచి. చాయ్‌లో ముంచితే మూడు క్షణాల్లో తీసేయాలి. నాలుగో క్షణానికి బిస్కెట్ కప్పులో జలసమాధి! ఇంకా దిల్‌కుష్, దిల్‌పసంద్, బన్ మస్కా, కీమా కూరిన లుఖ్మీ… జేబును బట్టి ఎంచుకోండి.

"మాకు డోనట్ కావాలండీ" అనే నవతరం పాఠకులకు ఓ మాట. ఇప్పుడు మాల్స్‌లో అద్దాల పెట్టెల్లో మెరిసే డోనట్ చూసి విదేశీ వింత అనుకోకండి. మైదా పిండి పులియబెట్టి, నూనెలో వేయించి, చక్కెర పూత పూస్తారు. నడుమ చిల్లు ఎందుకు? మధ్యభాగం పచ్చిగా మిగలకుండా అంతటా సమంగా వేగడానికి. మన అమ్మ గారెకు చిల్లు పెట్టేదీ అందుకే! కాబట్టి డోనట్టు మన గారెకు వరసకు చెల్లెలు. కాస్త తీపి మాటలు నేర్చింది, అంతే.

పనివాడు యజమాని అయిన చోట

ఇక లక్డీకాపూల్ దగ్గరి కేఫ్ నిలోఫర్. దీని కథ అచ్చం సినిమా కథే. పాత ఆదిలాబాద్ జిల్లా పల్లె నుంచి బీదకుర్రాడు బాబూరావు ఉత్త చేతులతో పట్నం వచ్చాడు. ఈ హోటల్లో పనివాడుగా చేరాడు. బల్లలు తుడిచిన కుర్రాడే చివరికి ఆ హోటల్ యజమాని అయ్యాడు! దగ్గర్లోని నిలోఫర్ ఆసుపత్రి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రుల దగ్గర రోగుల బంధువులకు ఉచితంగా భోజనం పెట్టించే మనిషిగానూ ఆయనకు పేరుంది. ఏ రచయితైనా ఈ కథ రాసుకొస్తే "మరీ సినిమాటిక్‌గా ఉందయ్యా" అని నిర్మాత పక్కన పడేస్తాడు.

ఇక్కడ ఇంకొకటి గమనించండి. పాత ఇరానీ హోటళ్లలో ఆడవాళ్లకు పరదా కట్టిన 'ఫ్యామిలీ రూం' ఉండేది. ఆడపిల్ల ఒంటరిగా వచ్చి హాల్లో కూర్చుంటే అందరి కళ్లూ అటే. ఇవాళ అమ్మాయిలు గుంపుగా వచ్చి, దర్జాగా కూర్చొని, బిస్కెట్లు పంచుకొని వెళ్తున్నారు. కుర్చీ కథలో ఇదో మంచి మలుపు.

కృష్ణానగర్‌లో కుర్చీ ఏది?

అసలు సినిమా అడ్డా ఇంకా మిగిలే ఉంది! 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చాక, తర్వాత పరిశ్రమ క్రమంగా మద్రాసు నుంచి తరలి వచ్చాక, యూసుఫ్‌గూడ పక్కన కృష్ణానగర్ కలల కాలనీ అయింది. తెల్లారకముందే జూనియర్ ఆర్టిస్టులు వ్యాన్ల కోసం ఎదురుచూస్తుంటారు. సహాయ దర్శకులు, పాటల రచయితలు, ఫైటర్లు… అందరి చేతుల్లోనూ చాయ్ కప్పే. 'ఖడ్గం' (2002), 'నేనింతే' (2008) చూసినవాళ్లకు ఈ వెతుకులాట కొత్త కాదు.

కాని జాగ్రత్తగా చూడండి, వాళ్లంతా నిలబడే తాగుతున్నారు! పేపర్ కప్పు, పేవ్‌మెంటు, రెండు గుక్కలు. కథ చెప్పాలంటే నిలబడి ఎంతసేపు చెప్తారు? హీరో ఎంట్రీ దాకా వచ్చేసరికి కాళ్లు లాగుతాయి. వినేవాడికి అప్పుడే ఫోనొస్తుంది.

తప్పు హోటల్ వాళ్లదని తేల్చేయకండి. ఓ చిన్న లెక్క వేద్దాం. 2022లో చాలా హోటళ్లలో ఇరానీ చాయ్ 15 నుంచి 20 రూపాయలయింది. నాలుగు కుర్చీల బల్ల మీద పావుగంటకో మనిషి మారితే గంటకు 16 కప్పులు, 320 రూపాయలు. అదే బల్ల దగ్గర నలుగురు మిత్రులు రెండు 'వన్ బై టూ'లు చెప్పి గంటసేపు కథాచర్చ పెడితే? రెండు కప్పులు, 40 రూపాయలు! అద్దె, పాల ధర, జీతాలు ఎవరిస్తారు? అందుకే ఒక్కో మూలకొట్టూ మందుల షాపో, బట్టల షోరూమో అవుతోంది. మిగిలినవి బిర్యానీ వైపు మళ్లుతున్నాయి. ఇంకోవైపు ఏసీ కాఫీ షాపుల్లో మెత్తటి సోఫాలున్నాయి. కాని అక్కడ కప్పు ధరకి ఇక్కడ ఓ జట్టంతా చాయ్ తాగొచ్చు.

వియన్నా నగరంలో ఒక్క కాఫీ చెప్పి పూటంతా కూర్చునే అలవాటు తరతరాలుగా ఉంది. కాఫీకే డబ్బు, కూర్చున్న గంటలకు కాదు. ఆ కాఫీ హౌస్ సంప్రదాయాన్ని 2011లో ఆస్ట్రియా తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. మనం మాత్రం చార్మినార్‌ను వారసత్వం అంటాం, దాని పక్కనే ఆవిర్లు కక్కే కప్పును చిరుతిండి అంటాం!

మరి మనమేం చేయాలి? ఉపన్యాసం అక్కర్లేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్యలోనో, దేవిలోనో, సుదర్శన్‌లోనో సినిమా చూశాక, ఫోన్లో రివ్యూ టైపు చేసేముందు దగ్గర్లో కుర్చీలున్న హోటల్ వెతకండి. నలుగురూ కూర్చోండి. సెకండాఫ్ ఎందుకు సాగిందో పోట్లాడుకోండి. జేబులో చిల్లరుంటే వన్ బై టూ మానేసి ఎవరి కప్పు వాళ్లు చెప్పండి, ఓ ప్లేటు ఉస్మానియా కూడా! మీరు ఎక్కువిచ్చే ఆ డబ్బులు చాయ్‌కి కాదు. పక్క బల్ల దగ్గర, పెగడపల్లి బస్సు దిగి వచ్చి, ఖాళీ కప్పు ముందు పెట్టుకొని ఎవరికోసమో ఎదురుచూస్తున్న కుర్రాడి కుర్చీకి. అతని సంచీలో ఏ కథ ఉందో ఎవరు చూశారు? ఇంకో గంట కూర్చోనివ్వండి!